స్విచ్చి ముట్టని బాబాయి

నరసరావుపేటలో ఒకాయన ఉంటాడు. మాచర్లలో ఒకాయన ఉంటాడు. గురజాలలో అయితే ఇద్దరుంటారు, ఆ ఇద్దరికీ మాటల్లేవు. పేర్లు వేరైనా మనిషి ఒకడే. వయసు అరవై దాటి ఉంటుంది. మిర్చి వ్యాపారమో, సున్నపు బట్టీయో, హెడ్మాస్టరు పెన్షనో వెనక ఉంటుంది. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఇల్లు మాత్రం ఆయన చొక్కా జేబులో, సెల్లులో ఉంటుంది. ఊరంతా ఆయన్ని బాబాయి అంటుంది కాబట్టి మనమూ అలాగే అందాం.

బాబాయి స్విచ్చి ముట్టడు. ఆ మాటకొస్తే ఇదివరకూ ముట్టలేదు. పడక్కుర్చీలో కూర్చుని "ఒరేయ్" అంటే ఫ్యాను తిరిగేది. ఇంకో "ఒరేయ్"కి మంచినీళ్లు వచ్చేవి. ఏ "ఒరేయ్" దేనికో పిల్లలకు గొంతును బట్టి తెలిసేది. ఆ పిల్లలు తలో దిక్కుకీ వెళ్లిపోయారు, పాలేరు మానేశాడు. మిగిలింది పిన్ని. ఆవిణ్ణి "ఏమే" అంటే "చేతులు ఖాళీగా లేవు" అంటుంది. అజమాయిషీ చేయడానికి మనుషులు కరువైనప్పుడు మగాడు వస్తువుల మీద పడతాడు. ఇంట్లో లైట్లూ ఫ్యాన్లూ సెల్లు మాట వినేట్టు చేయించింది సుఖం కోసం, కరెంటు ఆదా కోసం అని ఆయన చెబుతాడు. నమ్మకండి.

నిజానికి పల్నాడులో మొదట మాట విన్నది ఇల్లు కాదు, బోరు మోటారు. వ్యవసాయానికి పగలు కాసేపు, అర్ధరాత్రి కాసేపు కరెంటు ఇచ్చే రోజుల్లో రైతు టార్చిలైటు పట్టుకుని, పాముల్ని తప్పించుకుంటూ వెళ్లి స్టార్టరు నొక్కేవాడు. 2004లో కరెంటు ఉచితమైంది గాని నిద్ర దక్కలేదు. కొందరు ఆటో స్టార్టర్లు పెట్టించారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి, ట్రాన్స్‌ఫార్మరు పడుకునేది. ఆ తర్వాత సిమ్ కార్డు వేసే మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. పుణే ఇంజినీరు సంతోష్ ఓస్త్వాల్ చేసిన నానో గణేశ్ ఆ దారిలో ముందు నడిచినవాటిలో ఒకటి. మంచం మీద నుంచి ఫోను కొడితే పొలంలో నీళ్లు పడటం, నన్నడిగితే, అసలైన ఆటోమేషన్ అదే. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నాలుగు కిలోమీటర్ల అవతలున్న మోటారు నా మాట వింటుంటే నాలుగడుగుల అవతలున్న ఫ్యాను ఎందుకు వినదన్నాడు బాబాయి.

ప్లాను ఒక శుభలేఖ వెనక మొదలైంది. దానిమీద ముందు రాసింది ఖర్చు కాదు, దిక్కులు. కరెంటంటే అగ్ని, అగ్నికి ఆగ్నేయం అని సిద్ధాంతిగారు తేల్చారు. కాబట్టి వైఫై రూటరు వంటింటి మూలకి, మిక్సీ పక్కకి చేరింది. ఇల్లేమో తాతలనాటిది. మూరెడు మందాన రాతి గోడలు, పైన నాపరాళ్ల కప్పు. ఎండనీ దొంగనీ ఆపడానికి కట్టిన గోడ సిగ్నల్ని మాత్రం ఎందుకు వదులుతుంది? వంటింట్లో పున్నమి, హాల్లో అష్టమి, పడగ్గదిలో అమావాస్య. సిద్ధాంతిగారిని మళ్లీ పిలిపిస్తే, కంటికి కనపడని వస్తువుకి దిక్కుల దోషం అంటదన్నారు. రూటరు నడవలోకి, రెండో తాంబూలం ఆయన సంచీలోకి వెళ్లాయి.

పనికి కుదిరినవాడు ఊళ్లో వైరింగు చేసే కుర్రాడు. బోర్డు విప్పి చూసి, "బాబాయ్, ఇందులో న్యూట్రల్ లేదు" అన్నాడు. పాత ఇళ్లలో స్విచ్చి దాకా ఫేజు ఒక్కటే లాగేవాళ్లు, న్యూట్రల్ నేరుగా లైటుకి వెళ్లేది. స్మార్ట్ స్విచ్చి లైటు ఆర్పాక కూడా తాను మేలుకుని వింటూ ఉండాలి, అందుకు దానికి రెండు వైర్లూ కావాలి. ఇదంతా కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు.

"పల్నాడులో న్యూట్రల్ ఏందిరా? ఇటన్నా ఉండాలి, అటన్నా ఉండాలి" అన్నాడు బాబాయి. మాచర్ల ఎన్నికలు చూసినవాడెవడూ ఆ మాట కాదనడు. కుర్రాడు మాత్రం రాతి గోడకి గాడి పడదని పైనుంచే కేసింగు పట్టీలు కొట్టి, ప్రతి గదికీ న్యూట్రల్ తెచ్చాడు.

కుర్రాడికి అసలు విద్య కోటప్పకొండ తిరనాళ్లలో అబ్బింది. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కొండ కిందికి విద్యుత్ ప్రభలు వస్తాయి. ఒక్కొక్కటీ తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తు. జనరేటరు గుర్రుమంటుంటే వాటి మీద బల్బులు పరిగెత్తాలి, ఆరాలి, మళ్లీ విరగబూయాలి. ఇంటి ప్రోగ్రామింగు కూడా ఆ చేత్తోనే చేశాడు. మొదటి రాత్రి బాబాయి సెల్లులో "గుడ్ నైట్" నొక్కాడు. లైట్లు ఆరలేదు. వరండా నుంచి పెరటి దాకా ఒకదాని వెనక ఒకటి పరిగెత్తి, వెనక్కి తిరిగొచ్చాయి. ఎదురింటి ముసలమ్మ లేచి కూర్చుని దణ్ణం పెట్టుకుంది.

ఆ లోపం సర్దుకుంది గాని, ఇంకోటి ఉండిపోయింది. కరెంటు పోయి వస్తే స్మార్ట్ బల్బులు చాలావరకు తమంతట తామే వెలుగుతాయి. అదొక సెట్టింగు, మార్చుకోవచ్చు. మార్చేదాకా మాత్రం రాత్రి రెండింటికి కరెంటు వచ్చిందంటే ఇల్లంతా పెళ్లివారిల్లే.

తర్వాత అలెక్సా వచ్చింది. ఆ పెట్టె 2017లో మన దేశంలో అడుగుపెట్టి, 2019లో హిందీ నేర్చింది. బాబాయికి హిందీ రాదు, దానికి బాబాయి తెలుగు రాదు. మధ్యేమార్గంగా ఇంగ్లీషు. "అలెక్సా, టర్నాన్ ది ఫ్యాన్" అని వీధి చివరి దాకా వినపడేట్టు అంటాడు. అది "సారీ" అంటుంది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఆయనకి సారీ చెప్పినవాళ్లు లేరు కనక, ఫ్యాను తిరక్కపోయినా ముఖం వికసిస్తుంది.

పిన్ని కొన్నాళ్లు విని ఊరుకుంది. ఒకరోజు కూర కలియబెడుతున్న గరిటెతోనే హాల్లోకి వచ్చింది.

"ఏందయ్యా, నలభై ఏళ్ల కాపురంలో నన్ను ఒక్కనాడన్నా పేరు పెట్టి పిలిచావా? అదెవతినో పొద్దస్తమానం పేరు పెట్టి పిలుస్తా ఉంటివి!"

బాబాయి దగ్గర జవాబు లేదు. కొడుక్కి ఫోను చేస్తే, పిలుపు మార్చుకునే వీలుందన్నాడు. ఎకో, అమెజాన్, కంప్యూటర్ ఇలా ఏదో ఒకటి పెట్టుకోవచ్చట. పిన్ని కంప్యూటరుకి ఒప్పుకుంది. అది ఆడో మగో తేలదు గదా.

ఎకో అనే పేరు మాత్రం ఇలాంటివాళ్లకి తాతలనాటిదే. 1966లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో వెస్టింగ్‌హౌస్ ఇంజినీరు జిమ్ సదర్లాండ్ తన ఇంట్లోనే "ఎకో ఫోర్" అని ఒక యంత్రం కట్టాడు. ఇంట్లో వేడి ఎంతుండాలో అదే చూసేది, కొనాల్సిన సరుకుల పట్టీ అదే తయారుచేసేది. బరువు మూడున్నర క్వింటాళ్లకు పైమాటే, మిర్చి టిక్కీలైతే ఎనిమిదీ తొమ్మిదీ. అంత బరువు మోసినందుకు ఆయన్ని ప్రపంచంలోని బాబాయిలందరికీ పెద్దబాబాయిగా ఒప్పుకోవచ్చు.

ఇక డల్లాస్ కొడుకు. వాడి దగ్గరా ఇంటి తాళం, అంటే పాస్‌వర్డు, ఉంది. ఎండాకాలంలో అక్కడ సాయంత్రం ఆరున్నర అయితే ఇక్కడ తెల్లవారి ఐదు. ఆ వేళకి వాడికి అమ్మ గుర్తొస్తుంది, గీజరు వేస్తాడు. రాష్ట్రంలో ఎండల వార్త రాయాలంటే విలేకరులు ముందు రెంటచింతల వైపు చూస్తారు. ఆ చుట్టుపక్కల మే నెలలో మేడ మీద ట్యాంకు నీళ్లు తెల్లారినా చల్లారవు. అయినా వాడి ప్రేమ వాడిది. పిన్ని వాదన పెట్టుకోదు. మెట్ల కింద ఎంసీబీ కిందికి లాగేసి, "నీళ్లు బాగా కాగినయ్ నాయనా" అని ఫోనులో చెబుతుంది.

ఖర్చు పెట్టినవాటిలో ఒక్కరోజు కూడా మొరాయించనిది గేటు మీది కెమెరా. అది దొంగల కోసం పెట్టింది. ఇంతవరకూ దొంగ దొరకలేదు గాని, ఎవరి బుల్లెట్ బండి ఎవరింటి ముందు ఆగింది, ఏ వర్గం వాడు ఏ అరుగెక్కాడు, ఎంతసేపటికి దిగాడు, అన్నీ దొరుకుతున్నాయి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేటకి కలెక్టరాఫీసు వచ్చాక ఇలాంటి సమాచారానికి గిరాకీ ఇంకా పెరిగింది. రచ్చబండ దగ్గర కూర్చునే ముసలాళ్లు ఇప్పుడు బాబాయి వరండాలో కూర్చుంటున్నారు. కాఫీలు పిన్ని ఇస్తుంది. వాటికింకా యాప్ రాలేదు.

బాబాయి అసలు వైభవం చూడాలంటే పెళ్లిళ్లలో చూడాలి. గురజాలలో ఏదో పెళ్లి. బంతి లేవడానికి ఇంకా టైముంది. బాబాయి మూతి తుడుచుకుని సెల్లు తీస్తాడు. వియ్యపువారి తరఫు పెద్దలు చుట్టూ చేరతారు.

"ఇదిగో, మా హాలు. ఇది ఫ్యాను. చూడండి, ఆపుతున్నా... ఆపేశా. ఇక్కణ్ణుంచే!"

"అబ్బో!"

"మళ్లీ వేస్తున్నా. ఇప్పుడు స్పీడు తగ్గిస్తా. ఇప్పుడు లైటు..."

ఇంతలో సెల్లు మోగుతుంది. స్పీకరు పెట్టి మాట్లాడటం బాబాయికి అలవాటు.

"ఏందయ్యా, ఇంట్లో నేనున్నానని గుర్తుందా నీకు? చెమటలు కారతా ఉంటే ఫ్యానుతో ఆ ఆటలేంది?"

"ఏం లేదే, ఊరికే, వీళ్లకి చూపిస్తున్నా."

"చూపించు, చూపించు. రాత్రికి కూడా అక్కడే తినేసి రా. పొయ్యి నీ సెల్లులో వెలగదు."