కత్తెర తీసేసిన సాక్షి

నేను క్లాప్ బోర్డును. షాట్ మొదలయ్యే ముందు కెమెరా ఎదుట నిలబడేది నేనే, ఎడిటర్ కత్తెర మొదట పడేదీ నా మీదే. అందుకే మీరు ఎన్ని వందల సినిమాలు చూసినా వాటిలో నేను కనిపించను. ముహూర్తం నాడు మాత్రం నాకు బొట్టు పెడతారు, దండ వేస్తారు, నా ముందు కొబ్బరికాయ కొడతారు. ఓ పెద్దమనిషి నన్ను చేతపట్టి క్లాప్ కొడితే మర్నాడు పత్రికల్లో ఫొటో వస్తుంది. ఆ తర్వాతంతా క్లాప్ అసిస్టెంట్ చేతిలో నా బతుకు. సీన్ ఎంత, షాట్ ఎంత, టేక్ ఎంత? రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. ఆ మూడు గళ్ల బలంతోనే ఒక వాదన మీ ముందు పెడుతున్నాను. తెర వెనుక కథలను మీరు కాలక్షేపం కింద జమకట్టేశారు. అవి చరిత్ర. చరిత్ర కాబట్టి వాటికి సాక్ష్యం కావాలి. సాక్ష్యం లేని కథ ఊరికే ఒక మూలన పడి ఉండదు, నిజమైన కథ కూర్చోవలసిన పీట మీద తాను కూర్చుంటుంది.

మూకీల కాలంలో నేను వట్టి పలకను. బడిపిల్లల చేతిలో ఉండేలాంటి పలకే, దాని మీద ఓ నంబరు. టాకీలు వచ్చాక చిక్కొచ్చింది. బొమ్మను కెమెరా పడుతుంది, మాటను సౌండు వాళ్ల యంత్రం వేరుగా పడుతుంది. ఆ రెంటినీ తర్వాత ఎక్కడ కలపాలి? అప్పుడు నా నెత్తిన రెండు చెక్కపట్టీలు చేరాయి. సెకనుకు పరుగెత్తే 24 ఫ్రేముల్లో ఆ పట్టీలు ఒకదాన్నొకటి తాకిన ఫ్రేమును పట్టుకుని, సౌండులో 'ఠప్' అన్న చోటికి జత చేస్తే పెదవి, పలుకు కలుస్తాయి. మాట అక్కర్లేని షాట్ అయితే పట్టీలు కొట్టకుండా చూపిస్తారు. మొదట్లో కొట్టడానికి వీలు చిక్కకపోతే షాట్ చివర్లో నన్ను తలకిందులుగా పట్టి కొడతారు. నేను ఏ తీరుగా కనిపించానన్నది కూడా ఎడిటింగ్ గదిలో ఒక సమాచారమే. ఇంత పద్ధతిగా ఉన్నవాడి మాటకు చరిత్రలో విలువ ఉండాలి కదా అనిపిస్తుంది నాకు. ఆ విలువను నిరూపించిన సందర్భం ఒకటుంది, దాని గురించి కాస్త తీరిగ్గా చెబుతాను.

చార్లీ చాప్లిన్ తొలి రోజుల్లో స్క్రిప్టు రాసుకుని సెట్టుకు వచ్చేవాడు కాదు. సెట్టు వేయించి, నటులను పిలిచి, కెమెరా తిరుగుతుండగానే కథను వెతుక్కునేవాడు. సినిమా పూర్తయ్యాక మిగిలిన ఫిల్మును తగలబెట్టేయాలన్నది ఆయన కోరిక. ఎలా పని చేశాడో ఎవరికీ తెలియకూడదనుకున్నాడు. అయినా 1916, 1917 సంవత్సరాల్లో తీసిన చిన్న సినిమాల తాలూకు వాడని ఫిల్ము కొంత మిగిలిపోయింది. కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ అనే ఇద్దరు చరిత్రకారులు దాన్ని ముందేసుకుని, ప్రతి ముక్క మొదట్లో ఉన్న పలక మీది నంబరు చదివి, ఆ వరసలో అతికారు. 1983లో 'అన్‌నోన్ చాప్లిన్' పేరుతో మూడు భాగాల టెలివిజన్ సిరీస్‌గా అది వచ్చింది. 'ది ఇమిగ్రెంట్' అనే 1917 నాటి సినిమాను తీసుకోండి. వలస ఓడ మీద కథ మొదలవుతుంది, నగరంలో హోటల్లో భోజనం బల్ల దగ్గర రెండో సగం నడుస్తుంది. చూసినవాడు ఏమనుకుంటాడు? వలసదారుల కష్టం మీద సినిమా తీయాలని చాప్లిన్‌కు తట్టింది, ఓడతో మొదలుపెట్టాడు అనుకుంటాడు. నంబర్లు తిరగేసి చెబుతున్నాయి. మొదట తీసింది హోటలే. అప్పటికి అందులో వలస ఊసే లేదు. మొదట సర్వరుగా వేసిన నటుడు హెన్రీ బెర్గ్‌మన్ సరిపోలేదనిపించి, ఆ చోట భీకరంగా కనిపించే ఎరిక్ క్యాంప్‌బెల్‌ను పెట్టి మళ్లీ తీశాడు. బల్ల దగ్గర కూర్చున్న హీరో హీరోయిన్లిద్దరూ అంతకు ముందు ఎక్కడ కలిశారన్న ప్రశ్నకు జవాబుగా ఓడ ఆ తర్వాతే పుట్టింది. మేధావికి కథ మెరుపులా తడుతుందన్నది లోకం చెప్పుకునే కథ. తప్పుతూ, చెరుపుతూ, నటులను మారుస్తూ కథను తవ్వుకున్నాడన్నది పలక చెప్పిన కథ. ఈ రెండోదే చాప్లిన్‌ను నా కళ్లకు పెద్దవాణ్ని చేస్తోంది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. సినిమా కబుర్లు నలుగురు కూర్చున్నప్పుడు చెప్పుకోవడానికే, కాస్త కల్పన ఉంటే ఎవరికి నష్టం అని. నష్టపోయినవాళ్ల పేర్లే చెబుతాను. 1939లో వచ్చిన 'ది విజార్డ్ ఆఫ్ ఆజ్' గురించి దశాబ్దాలుగా ఓ పుకారు తిరుగుతోంది. అడవి దృశ్యంలో వెనకాల చెట్ల మధ్య కదిలే నీడ, ఉరి వేసుకున్న ఓ పొట్టి నటుడిదని. అది రెక్కలు చాపిన పెద్ద పక్షి. అడవి నిజంగా ఉన్నట్టు కనిపించాలని సెట్లో వదిలిన పక్షుల్లో ఒకటి. తర్వాత శుభ్రపరిచిన ప్రింటులో అది పక్షేనని స్పష్టంగా తెలుస్తుంది. అయినా పుకారు చావలేదు. అదే సెట్లో నిజంగా ఏం జరిగిందో చూడండి. టిన్ మనిషి వేషం మొదట వేసిన బడ్డీ ఎబ్సెన్ ముఖానికి అల్యూమినియం పొడి పూశారు. అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఆయన ఆసుపత్రి పాలయ్యాడు, వేషం జాక్ హేలీకి పోయింది, పొడికి బదులు ముద్ద పూయడం మొదలుపెట్టారు. మంత్రగత్తె వేషం వేసిన మార్గరెట్ హామిల్టన్ 1938 డిసెంబరులో మంటల్లో మాయమయ్యే షాట్ తీస్తుండగా ముఖం, చెయ్యి కాలి వారాల తరబడి మంచం పట్టింది. ఆమె ముఖాన ఉన్న ఆకుపచ్చ రంగులో రాగి ఉండటంతో, కాలిన చర్మం మీది నుంచి దాన్ని తుడవడమే మరో నరకమైంది. తిరిగొచ్చాక నిప్పుతో పని చేయనంది. పొగలు కక్కే చీపురు షాట్‌కు ఆమె డూప్ బెట్టీ డాంకోను కూర్చోబెడితే, పేలుడు జరిగి డాంకో కాలికి గాయమైంది. లేని చావు గురించి ఇంతమందికి తెలుసు. ఉన్న ఈ మూడు గాయాల గురించి ఎంతమందికి తెలుసు? పుకారుకు పక్షి చాలు. కాలిన ముఖాన్ని గుర్తుపెట్టుకోవడానికి మాత్రం ఎవరో ఒకరు పూనుకోవాలి.

టెలివిజన్‌లోనూ ఇదే వరస. 2019లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చివరి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో విందు బల్ల మీద ఓ కాఫీ కప్పు మిగిలిపోయింది. లోకమంతా దాన్ని ఓ ప్రసిద్ధ కాఫీ కంపెనీకి కట్టబెట్టింది. అది ఆ కంపెనీది కాదు, షూటింగ్ భోజనాల దగ్గరిది. డిజిటల్‌గా దాన్ని చెరిపేసిన తర్వాత కూడా జనం నోట ఆ కంపెనీ పేరే ఉండిపోయింది.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. దాన్ని గౌరవంగానే వింటాను. సాక్ష్యమంటే కాగితాలూ నంబర్లేనా, మన సినిమా చరిత్ర సగం నోటిమాట మీదే నిలబడింది కదా అంటారు. నిజమే. నా మీద దర్శకుడి పేరు ఉంటుంది, ఆ షాట్ ఊహ ఎవరిదో ఉండదు. 'సైకో'లో స్నానాల గది హత్య దృశ్యాన్ని 1959 డిసెంబరులో వారం రోజులు తీశారు. ఆ షాట్ల బొమ్మలు ముందుగా గీసింది సాల్ బాస్. ఆ దృశ్యానికి దర్శకత్వం కూడా తనదేనని ఆయన తర్వాతి కాలంలో అన్నాడు. అక్కడ నటించిన జానెట్ లీ, సహాయ దర్శకుడు హిల్టన్ గ్రీన్ కాదన్నారు, చిత్ర దర్శకుడు హిచ్‌కాకే తీశాడన్నారు. ఆ వివాదం తేల్చడానికి పలక ఒక్కటే చాలదు, అక్కడున్న మనుషుల మాట కావలసిందే. మన 'మాయాబజార్' సంగతీ అంతే. 1957 మార్చి 27న విడుదలైన ఆ సినిమా టైటిల్స్‌లో సంగీతం ఘంటసాలది. అయితే 'లాహిరి లాహిరి'తో సహా నాలుగు పాటలకు వరసలు కట్టి సాలూరి రాజేశ్వరరావు మధ్యలో తప్పుకున్నారని, మిగతాది ఘంటసాల పూర్తి చేశారని సినీ చరిత్రకారులు చెబుతారు. టైటిల్ కార్డునే పట్టుకుని కూర్చుంటే రాజేశ్వరరావుకు అన్యాయం జరిగేది. ఆ అన్యాయాన్ని ఆపింది మనుషుల జ్ఞాపకం. అంకె ఉన్నంత మాత్రాన సాక్ష్యం అయిపోదని కూడా నా వంతుగా ఒప్పుకుంటాను. 2021 ఆగస్టులో కీవ్ నగరంలోని మారిన్‌స్కీ ప్యాలెస్ ముందు తీసిన 'నాటు నాటు' పాటకు ఎన్ని స్టెప్పులు కట్టి చూశారన్న ప్రశ్నకు ఒక్కోచోట ఒక్కో అంకె కనిపిస్తుంది. పాట తీసిన చోటు, నెల తిరుగులేనివి. స్టెప్పుల లెక్క నోటి లెక్క.

కాబట్టి జ్ఞాపకాన్ని పక్కన పెట్టమనడం లేదు. జ్ఞాపకాన్ని జ్ఞాపకంగా, చెప్పినవారి పేరుతో రాయమంటున్నాను. కాగితం దొరికిన చోట రెంటినీ ఎదురెదురుగా పెట్టి చూడమంటున్నాను. అలా చూడకపోతే ఏమవుతుందో తెలుగు సినిమా పుట్టినరోజే చెబుతుంది. హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకం చూసి పుస్తకం రాశారు, సభలు చేశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలూ సెన్సారు వివరాలూ వెతికి, సెన్సారు జరిగింది 1932 జనవరి 22న అని, బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని చూపారు. దాదాపు అయిదు నెలల తేడాకు ఇంత రభసా అనకండి. ఎవరి పుట్టినరోజైనా కనుక్కునే జరుపుతాం. పైగా ఆ తేదీ మారగానే చుట్టూ ఉన్నదంతా మారింది. 1931 అక్టోబరు 31న వచ్చిన తమిళ టాకీ 'కాళిదాస్', అందులోని తెలుగు పాటలు ఇప్పుడు 'భక్త ప్రహ్లాద' కంటే ముందు వరసలోకి వచ్చాయి. ఒక్క అంకె సరిదిద్దితే దక్షిణాది టాకీ చరిత్ర వరసే సరయింది.

ఈ రోజుల్లో షూటింగు మెమరీ కార్డుల మీద నడుస్తోంది. నా మీద ఎర్రంకెల టైమ్‌కోడ్ పరుగెడుతోంది, కొన్నిచోట్ల నేను టాబ్లెట్ తెర మీదికే మారిపోయాను. పని సులువైంది, సంతోషం. కానీ వాడని షాట్లను దాచడానికి ఖర్చవుతుందని చెరిపేస్తే, రేపు ఏ బ్రౌన్‌లో వచ్చినా అతికి చూడటానికి ముక్క దొరకదు. పాత తరం సంగతి ఇంకా తొందరది. మద్రాసు కోడంబాక్కం, వడపళనిలో దశాబ్దాలు పని చేసిన సహాయ దర్శకులు, ఎడిటర్లు, కెమెరా అసిస్టెంట్ల ఇళ్లలో కంటిన్యుటీ నోటుపుస్తకాలు, వర్కింగ్ స్టిల్స్, కాల్‌షీట్ల కాగితాలు అటకల మీద ఉండి ఉంటాయి. మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే, పాత కాగితాలవాడిని పిలిచే ముందు ఒక్కసారి కిందికి దించండి. సీన్, షాట్, టేక్ అని మూడు గళ్లు కనిపిస్తే వాటిని ఫొటోలు తీయండి, ఎవరివో ఏ సినిమావో వెనకాల రాయండి, ఆ పని చేసిన పెద్దవారు ఇంకా ఉంటే పక్కన కూర్చుని అడిగి రికార్డు చేయండి. సినిమా సామగ్రిని భద్రపరచడానికి పుణేలో 1964 నుంచీ జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది.