ఎవరిని కలిశారు?

రుబెల్లా వచ్చి పోయినట్టు చాలామందికి తెలియనే తెలియదు. కొద్దిపాటి జ్వరం, చెవుల వెనకా మెడ వెనకా బిళ్లలు కట్టడం, ముఖం మీద మొదలై ఒంటికి పాకే సన్నటి గులాబీ రంగు దద్దుర్లు. పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, కీళ్ల నొప్పులు. దద్దుర్లు మూడు రోజుల్లో మాయమవుతాయి. సోకినవారిలో సగం మందికి దాకా ఇవి కూడా కనబడవు.

ఇంత చిన్న జబ్బును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? సిడ్నీలోని కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ తల్లుల చేత దాన్ని గుర్తు చేయించారు. 1941లో ఆయన దగ్గరికి పుట్టుకతోనే శుక్లాలున్న పసిపిల్లలు వరసగా రావడం మొదలైంది. ఆయన పిల్లల కళ్లు చూసి ఊరుకోలేదు. కడుపుతో ఉన్నప్పుడు మీకేం జబ్బు చేసిందని తల్లులను అడిగారు. బయట తమ వంతు కోసం కూర్చున్న తల్లుల మాటలు చెవిన పడి ఆ అనుమానం వచ్చిందంటారు. తోటి డాక్టర్లు చూసిన పిల్లలను కూడా కలిపి 78 మంది వివరాలు కూడగడితే, వారిలో 68 మంది తల్లులకు గర్భంతో ఉండగా జర్మన్ మీజిల్స్, అంటే రుబెల్లా, వచ్చిందని తేలింది. 1941 అక్టోబరు 15న మెల్‌బోర్న్‌లో కంటి డాక్టర్ల సభలో ఆయన ఆ పత్రం చదివారు. రుబెల్లాను పట్టిచ్చే రక్తపరీక్ష లేని కాలంలో కేవలం అడిగి తెలుసుకున్న నిజం అది. వైద్యంలో ఒక ప్రశ్నకు ఇంత ఫలితం దక్కిన సందర్భాలు అరుదు.

గర్భం దాల్చిన తొలి మూడు నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డ కళ్లో, చెవులో, గుండో దెబ్బతినే ప్రమాదం నూటికి 90 దాకా ఉంటుంది. దద్దుర్లు కనబడటానికి వారం ముందు నుంచే, తగ్గాక కూడా కొన్నాళ్ల దాకా అది ఎదుటివారికి అంటుతుంది. అందుకే గర్భిణిని ‘ఒంటి మీద ఏమైనా పేలిందా అమ్మా’ అని అడిగి వదిలేస్తే చాలదు. ‘దద్దుర్లున్న వాళ్లెవరినైనా కలిశావా’ అని కూడా అడగాలి. పక్కింటి పాపకు ఒళ్లంతా పేలితే చెమటకాయలని సరిపెట్టుకుని ఎత్తుకు ముద్దాడే ఇళ్లు మనవి. ఆ రెండో ప్రశ్న మన దగ్గర మరీ అవసరం.

గ్రెగ్ పత్రం చదివాక కొద్దికాలానికే అమెరికాలో ఒక గర్భిణికి అవే దద్దుర్లు వచ్చాయి. ఆమె హాలీవుడ్ తార జీన్ టియర్నీ. అది 1943, యుద్ధకాలం. లాస్ ఏంజెలెస్‌లో సైనికుల కోసం బెటీ డేవిస్, జాన్ గార్‌ఫీల్డ్ నడిపించిన హాలీవుడ్ క్యాంటీన్‌లో సినిమావాళ్లు స్వయంగా వడ్డించేవారు, పలకరించేవారు. టియర్నీ కూడా వెళ్లింది. ఆ తరువాత కొద్దిరోజులకు దద్దుర్లు కనబడ్డాయి, తగ్గిపోయాయి. ఆ ఏడాది అక్టోబరు 15న, మెల్‌బోర్న్ సభ జరిగి సరిగ్గా రెండేళ్లకు, వాషింగ్టన్‌లో ఆమెకు నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది. బరువు కిలోన్నర కూడా లేదు. ఆ పాపకు వినబడదు, చూపు సరిగా లేదు, బుద్ధి ఎదగలేదు.

అప్పటికి టీకా లేదు. అది 1969లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ మీజిల్స్-రుబెల్లా టీకా వేసే కార్యక్రమం 2017 ఆగస్టులో మొదలైంది. అప్పటికే ఆ వయసు దాటిన ఆడపిల్లలకు అది అందలేదు. వాళ్లు గర్భం దాల్చకముందే డాక్టరును అడిగి వేయించుకోవాలి. వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. గర్భిణులకు ఈ టీకా వేయరు.

తరువాతి సంగతి టియర్నీ 1979లో వచ్చిన తన ఆత్మకథలో చెప్పుకుంది. పాప పుట్టిన కొంతకాలానికి ఒక టెన్నిస్ పార్టీలో ఒక యువతి ఆమెను పలకరించింది. యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసిన మనిషి. క్యాంటీన్‌లో మనం కలిశాం, గుర్తుందా అంది. ఆ రాత్రి తరువాత మీకేమైనా జర్మన్ మీజిల్స్ వచ్చాయా అని అడిగింది. అప్పట్లో తన శిబిరంలో అందరికీ అదేనట. తననూ బయటికి వెళ్లొద్దని కట్టడి చేశారట. ఎంతమంది వద్దన్నా వినకుండా తప్పించుకుని క్యాంటీన్‌కు వచ్చిందట, జీన్ టియర్నీ తన అభిమాన తార కాబట్టి.