ఏడో టేబులు పెరుగులో ఉంది

మహారాజశ్రీ వెయిటింగ్ లిస్టు అధికారి గారికి,
ఫ్యామిలీ రెస్టారెంటు గుమ్మం, అరకు.

అయ్యా,

డిసెంబరులో అరకు వచ్చినవాడికి అక్కడి ఎమ్మెల్యే ఎవరో తెలియకపోయినా గడుస్తుంది, మీరెవరో తెలియకపోతే గడవదు. చేతిలో రూళ్ల నోట్‌బుక్కు, చెవి మీద పెన్ను, నెత్తిన మంకీ క్యాపు, ఎదురుగా స్వెట్టర్లలో ఆకలిగా నిలబడ్డ జనం. తమరి హోటలు పేరు రాయడం లేదు. సీజన్లో ఏ హోటలు గుమ్మంలో చూసినా తమరే ఉంటారు కాబట్టి పేరుతో పని లేదు.

మాకు ఓపిక లేదని మాత్రం అనుకోకండి. ఈ లేఖ రాస్తున్నవాడు విశాఖలో తెల్లవారకముందే లేచి కిరండూల్ రైలెక్కాడు. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలు పెట్టే కేకలు భరించాడు. బొర్రా గుహల దగ్గర టిక్కెట్ల లైన్లో నిలబడ్డాడు. అన్నిటికీ మించి, తిరుమల కంపార్టుమెంట్లలో రాత్రుళ్లు గడిపిన జాతి మాది. అక్కడ సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో దేవస్థానం వాళ్లు ముందే చెబుతారు, పేపర్లో కూడా వేస్తారు. 18 అంటే 18 గంటలకు సిద్ధపడే కొండెక్కుతాం. మధ్యలో పాలొస్తాయి, ఉప్మా వస్తుంది. దర్శనమయ్యాక వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఒక్క విడతలో దాదాపు 4 వేల మంది కూర్చుని తినే ఏర్పాటుంది. ఏడుకొండలవాడే టైము చెప్పి నిలబెడుతుంటే, తమరు మాత్రం "ఐదు నిమిషాలే సార్" అంటారు. గంట పోయాక అడిగినా అదే ఐదు.

తమరు చెప్పరు కాబట్టి మా లెక్కలు మేమే కట్టుకున్నాం. అద్దాల తలుపులోంచి లోపలివాళ్ల కంచాల్లోకి చూడడమే ఆ లెక్క. పప్పులో ఉన్నవాళ్ల జోలికి పోము. సాంబారులోకి దిగారంటే ఆశ. రసం జుర్రుతున్నారంటే మా బావమరిది చొక్కా సర్దుకుంటాడు. పెరుగు గిన్నె బోర్లించారో లేదో, మా అత్తగారు వెళ్లి ఆ కుర్చీ వెనక నిలబడతారు. వెనకొకరు నిలబడి ముద్దలు లెక్కపెడుతుంటే తినేవాడికి గొంతు దిగుతుందా అని అడక్కండి. కాసేపటికి మా వెనకా ఎవరో ఒకరు నిలబడేవాళ్లే కదా.

ఈ శాస్త్రంలో ఒక్కటే లోపం. ఏడో టేబులు పెద్దాయన పెరుగన్నం పూర్తిచేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచినట్టే లేచి, మళ్లీ కూర్చుని, "బాబూ, కాస్త వేడన్నం, గోంగూర" అన్నాడు. అప్పుడు మా అత్తగారి ముఖం తమరు చూసి ఉండాల్సింది. చూడలేదు. తమరు అదే క్షణంలో "రావు గారు, ఆరుగురు!" అని పిలుస్తున్నారు. ముగ్గురు రావులు లేచారు. నాలుగో రావుని నేను. పిల్లవాణ్ణి బాత్రూముకి తీసుకెళ్లాను.

ఇదే ఊళ్లో రోడ్డు పక్క బొంగులో చికెన్ కాల్చే మనిషి దగ్గర తమరు ఒక పూట నిలబడి చూడాలి. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద పెడతాడు. నూనె చుక్క ఉండదు. "ముప్పావుగంట పడతాది బాబూ, కాఫీ తాగి రండి" అన్నాడు. మేమెక్కడికీ పోలేదు. బొంగు పచ్చదనం పోయి నల్లబడడం, ఆకుల సందుల్లోంచి ఆవిరి బుసబుసమంటూ రావడం, అతను ఒక్కో బొంగునీ తిప్పి పెట్టడం చూస్తూ ఉండిపోయాం. మాదేదని అడిగితే వేలు పెట్టి చూపించాడు. తర్వాత వచ్చిన కారువాళ్లు తొందరపెట్టినా వరస మార్చలేదు. ఆ ముప్పావుగంటా పిల్లలు ఫోనడగలేదు. నోట్‌బుక్కు అతని దగ్గర లేదు, గమనించగలరు.

షాపింగు గురించి ఎక్కువ చెప్పను. మిరియాలు, పసుపు, రాజ్‌మా, కాఫీపొడి బుట్టలో వేసుకోవడానికి పది నిమిషాలు చాలు. బిల్లుకో లైను, డబ్బుకో లైను, సంచికో లైను. ఇంటిల్లిపాదినీ మూడింటికీ పంచాం. డబ్బు లైన్లో ముందుకొచ్చేసరికి ఫోన్లో సిగ్నలు పోయింది. అరకు కాఫీ, తేనె విశాఖలో గిరిజన సహకార సంస్థ దుకాణాల్లోనూ దొరుకుతాయని మా ఆవిడ చెబుతూనే ఉంది. ఇక్కడ కొంటేనే ఆ వాసన అంటాడు బావమరిది.

కావున తమరితో మనవి చేసుకునేదేమంటే, గుమ్మం బయట ఒక నల్లబల్ల పెట్టించండి. "3 పప్పు, 5 సాంబారు, 7 పెరుగు" అని సుద్దముక్కతో రాయిస్తూ ఉండండి. పెరుగులోంచి గోంగూరలోకి వెనక్కి వెళ్లేవాళ్లకి జరిమానా వేస్తారో, ఊరికే వదిలేస్తారో తమరి దయ. రావుల్ని ఊరి పేరుతో పిలవండి: తణుకు రావు గారు, ఖమ్మం రావు గారు. ముసలివాళ్లకి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేయించండి. నలభై నిమిషాలు పట్టేటట్టుంటే నలభై అనే చెప్పండి, మేమేమీ అనుకోం. వెళ్లి గిరిజన మ్యూజియం చూసొస్తాం, తమరి గుమ్మంలో గుంపూ పలచబడుతుంది. తమరు ఐదని చెప్పబట్టే, అన్నం ముందు ఆకలి చస్తుందని మా ఆవిడ జంతికల డబ్బా మూత తీయనివ్వలేదు. ఆ డబ్బా పక్కన పెట్టుకుని పిల్లలు రెండు గంటలు మలమలమాడారు.

ఇంకొక్కటి. అయిపోయినవేమిటో కూడా ఆ బల్ల మీదే రాయించండి. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, గ్లాసుల్లో నీళ్లు పోశాక "మీల్స్ క్లోజ్ సార్, వెజ్ ఫ్రైడ్ రైసే ఉంది" అన్నాడు కుర్రాడు. వాడి తప్పేమీ లేదు. ఆఖరి గరిటెడు గోంగూర ఎవరి కంచంలోకి వెళ్లిందో మా అత్తగారికి తెలుసు.

ఇట్లు,
తమ విధేయుడు,
రావు (నాలుగో ఆయన), ఆరుగురు