అర పీఎస్ఐ బావగారు

తొంభై కేజీలు దాటిన సైక్లోక్రాస్ మనిషిని పోల్చుకోవడం చాలా తేలిక. పందెం రోజున ఆయన సైకిలెక్కి కనబడడు. కారు డిక్కీ తలుపు కింద, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, వాల్వుకి గేజీ తగిలించి, ఊపిరి బిగబట్టి ముల్లు వంక చూస్తుంటాడు. పలకరిస్తే పలకడు. సంధ్యావందనం మధ్యలో ఉన్నవాడిలా చెయ్యి మాత్రం పైకెత్తి ఆగమంటాడు.

ఈ జాతి బెల్జియంలోనూ ఉంది, బోస్టన్‌లోనూ ఉంది. నాకు దగ్గరగా తెలిసిన నమూనా ఆరెగన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటుంది. మా అక్క మొగుడు. చిప్పుల కంపెనీలో ఉద్యోగం. ఆ ఊళ్ళో మనవాళ్ళు సగంమంది చేసే పనే. శని, ఆదివారాల్లో మిగతావాళ్ళు పార్టీలు పెట్టుకుని పేకాడుకుంటుంటే ఈయన గాలి కొలుచుకుంటుంటారు.

ఆట సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సైక్లోక్రాస్ ఫ్రాన్సులో పుట్టి బెల్జియంలో పెరిగింది. సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరి దాకా సాగే చలికాలపు పందెం. మూడు కిలోమీటర్లు అటూ ఇటూగా ఉండే చుట్టు. అందులో గడ్డి, బురద, ఇసుక, మెట్లు, మోకాలెత్తు చెక్క అడ్డాలు. తొక్కలేని చోట దిగి, సైకిలు భుజానికెత్తుకుని పరుగెత్తి, మళ్ళీ ఎగిరి కూర్చోవాలి. నలభై నిమిషాల నుంచి గంట. డబ్బిచ్చి మరీ పడే బాధ ఇది. పోర్ట్‌లాండ్‌లో క్రాస్ క్రూసేడ్ అని ఏటా పందాల వరస జరుగుతుంది. వానలో తడుస్తూ, మెడలో గంటలు కట్టించుకోవాల్సిన ఆవులకి బదులు మనుషులే గంటలు పట్టుకుని వాయిస్తూ, బురదలో పడ్డవాడికి చప్పట్లు కొడుతూ నిలబడతారు. ఆరెగన్‌లో అక్టోబరు వచ్చిందంటే వానకి కరువుండదు కాబట్టి చప్పట్లకీ ఉండదు.

అన్ని ఆటల్లోనూ పెద్ద అంకె చెప్పినవాడు మొనగాడు. ఇక్కడ చిన్న అంకె చెప్పినవాడు మొనగాడు. "ఎంత పెట్టావు?" అని ఒకడడిగితే "ఇరవై రెండు" అని రెండోవాడు ఆవులిస్తూ చెబుతాడు. పీఎస్ఐ లెక్క అది, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడని. టైర్లో గాలి ఎంత తక్కువుంటే అది నేలని అంత వెడల్పుగా కరుచుకుంటుంది, బురదలో జారదు, గడ్డి గుబ్బల మీద ఎగిరెగిరి పడదు. బక్కపల్చటి ఛాంపియన్లు బురద రోజున పద్దెనిమిది, ఇరవై పీఎస్ఐతో నడిపేస్తారు. అదే గాలితో మా బావగారు గేటు దాటితే మొదటి వేరు దగ్గరే రిమ్ము ఠంగుమంటుంది. ఎందుకంటే యూసీఐ, అంటే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, ఈ ఆటకి టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదంది. యాభై కేజీల పిల్లకీ అదే 33, క్వింటాలు మనిషికీ అదే 33. సన్నటి టైర్లో బరువుని మోసేది గాలి ఒక్కటే. మరి బరువున్నవాడు గాలి పెంచాలి. పెంచితే జారతాడు, ఎగురుతాడు. పెంచకపోతే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి పక్కకి లేచి ఒక్క త్రేనుపు త్రేన్చి, సగం గాలీ దాంతోపాటు చిల్లులు పూడ్చే సీలెంటు పాలూ కక్కేసి చప్పబడుతుంది. లోపల ట్యూబుంటే మరీ హాయి: రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పాము కాటేసినట్టు పక్కపక్కన రెండు చిల్లులు. ఈ రెండు కష్టాల నడుమ లావుపాటివాడికి దేవుడిచ్చిన జాగా రెండు మూడు పీఎస్ఐలు. అందుకని ఆ జాగాని వెతుక్కుంటూ బతకడంలో తప్పులేదు. నేను నవ్వేది దానికి కాదు.

బావగారి గేజీ మామూలు గేజీ కాదు. పంపుకి ఉండే గేజీ నూట అరవై దాకా పోతుంది, దాని మీద ఇరవై ఏడుకీ ఇరవై తొమ్మిదికీ తేడా వెంట్రుకవాసి. అందుకని తక్కువ గాలికే పనికొచ్చేది వేరే కొన్నారు. చీకట్లో వెలుగుతుంది. అయితే సైకిలు వాల్వుకో గుణం ఉంది. సన్నటి ప్రెస్టా వాల్వు, కొన మీద ఆవగింజంత నట్టు. దాన్ని వదులు చేసి గేజీ అదమగానే 'తుస్' మంటుంది. అంటే కొలిచిన ప్రతిసారీ కొంత గాలి పోతుంది. పోయింది కాబట్టి కొట్టాలి. కొట్టాం కాబట్టి కొలవాలి. ఓసారి చూస్తూ నిలబడ్డాను: ఇరవై ఏడున్నర. తుస్. ఇరవై ఏడు. పంపు ఒక పోటు. ఇరవై ఎనిమిదిన్నర. వేలితో నొక్కి కాస్త వదిలారు. ఇరవై ఏడుంబావు. "పావు తక్కువైందిరా," అన్నారు, ఇంట్లో చావుకబురు చెప్పినట్టు. అప్పటికి మైకులో ఆయన పందెం పిలుస్తున్నారు.

చలి లెక్క కూడా ఉంది. గరాజ్‌లో ఇరవై డిగ్రీల వెచ్చదనంలో 27 కొట్టి, పొద్దున్నే అయిదు డిగ్రీల మైదానంలో కొలిస్తే 25 ఉంటుంది. గాలి ఎక్కడికీ పోలేదు, ముడుచుకుంది. ఇంటర్‌లో చదువుకున్న పాఠమే. దానికి ఎవరైనా మైదానంలో మళ్ళీ కొట్టుకుంటారు. బావగారు అలా కాదు. చక్రాలు కారులో వెనక సీట్లో పెట్టి, హీటరు కట్టేసి, అద్దం జానెడు దించి, దారి పొడుగునా వాటికి చలి అలవాటు చేశారు. ముందు సీట్లో మా అక్క స్వెటరు వేసుకుని, దాని మీద రెండు శాలువలు కప్పుకుని, నోరు విప్పితే పళ్ళు టకటకలాడతాయని మౌనంగా కూర్చుంది.

ఇంత జాగ్రత్త మనిషికి రిమ్ము ఎందుకు తగులుతుంది? ప్రతి పందెంలోనూ తగులుతుంది. కార్బన్ రిమ్ము ఒకటి పగిలింది కూడా. దానికాయన చెప్పిన కారణాలు: సీలెంటు పాతది, టైరు అంచు మెత్తది, పడమటి గాలి, నిర్వాహకులు పీకించని వేరు. అసలు కారణం మా అక్కకి తెలుసు, నాకు తెలుసు, వాళ్ళ డాక్టరు దగ్గర నర్సుకి తెలుసు.

సిల్కా, శ్రామ్ లాంటి కంపెనీలు గాలి లెక్క కట్టి చెప్పే పట్టీలు నెట్‌లో పెట్టాయి. టైరు వెడల్పు, రిమ్ము లోపలి కొలత, నేల తీరు, అన్నీ అడుగుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా బరువు అడుగుతాయి. బావగారు రిమ్ము వెడల్పుని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి రాస్తారు. సైకిలు బరువు గ్రాములతో సహా. నీళ్ళ సీసా, హెల్మెట్టు, బూట్లు, గ్లవుజులు. మూడో చుట్టుకి సైకిలుకి పట్టే బురద కేజీన్నర ఉంటుందని అంచనా వేసి అదీ కలుపుతారు. ఇక తన బరువు దగ్గర 86 అని రాస్తారు. ఎనభై ఆరు ఆయన పెళ్ళినాటి బరువు. అప్పుడు కూడా బూట్లు విప్పి.

ఇప్పుడు తొంభై ఏడు. పదకొండు కేజీల తేడా. పట్టీ పాపం నమ్మి ఇరవై ఆరో ఇరవై ఏడో అంటుంది. నిజం చెబితే ముప్ఫై దరిదాపుల్లో చెప్పేది. మూడు పీఎస్ఐ దొంగలెక్క రాసుకుని, ఆ మీద అర పీఎస్ఐ కోసం మోకాళ్ళు పట్టేసేదాకా కూర్చునే మనిషిని ఏమంటారో మీరే చెప్పండి. ఆదాయప్పన్ను కాగితాలు సర్దేటప్పుడు ఇలాంటివాళ్ళని చూశాను, అక్కడ కనీసం లాభం ఉంటుంది.

అమెరికావాళ్ళు దీనికో మార్గం పెట్టారు. రెండు వందల పౌండ్లు, అంటే 91 కేజీలు దాటినవాళ్ళకి విడిగా పందెం. పేరు క్లైడ్స్‌డేల్. స్కాట్లాండులో బళ్ళు లాగే భారీ గుర్రం జాతి అది. ఆ పేరు విని సిగ్గుపడేవాడు అందులో చేరడు, చేరినవాడు సిగ్గుపడడు. ఆ గుంపులో బరువులు దాచరు, గాలీ దాచరు. బావగారు మాత్రం ఏళ్ళ తరబడి 198 పౌండ్లే. "రెండు పౌండ్లు తక్కువరా, రూల్సు ఒప్పుకోవు," అంటారు నిజాయితీగా. అక్క వంటింట్లోంచి దగ్గుతుంది.

పోనీ గొప్పవాళ్ళ కథలతోనైనా బుద్ధి చెబుదామని చూశాను. 2021లో బెల్జియం సముద్రతీరాన ఓస్టెండ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. వౌట్ వాన్ ఆర్ట్ ముందు దూసుకుపోతూ పంక్చరు పడి వెనకబడ్డాడు, మాథ్యూ వాన్ డెర్ పూల్ గెలిచాడు. అంతకు నాలుగేళ్ళ ముందు లక్సెంబర్గ్‌లోని బీల్స్‌లో అదే వాన్ డెర్ పూల్ పంక్చర్ల మీద పంక్చర్లు పడి అదే వాన్ ఆర్ట్‌కి టైటిల్ అప్పజెప్పాడు. మెకానిక్కులు, దారి పక్క మార్చుకోడానికి సిద్ధంగా ఇంకో సైకిలు, ఇవన్నీ ఉన్నవాళ్ళ గతే అది బావగారూ, అన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. "చూశావా, నాకూ వాళ్ళకీ ఒకటే సమస్య!"

ఓ సీజను చివరి పందెం రోజున, బావగారు నంబరు గుడ్డ తగిలించుకోడానికి పోయినప్పుడు, పక్క కారు దగ్గర నిలబడ్డ ఒక తెల్ల గడ్డపాయన్ని కదిపాను. మనిషి బావగారి పాటివాడే, క్లైడ్స్‌డేల్ పందెం ముగించి చెవుల దాకా బురదతో ఉన్నాడు. బావగారి సంగతి చెప్పి, గాలి ఎంత పెట్టారని అడిగాను. "వెనక ముప్ఫై ఒకటి, ముందు ఇరవై తొమ్మిది. పోయి తొక్కుకోమను," అన్నాడు. ఇంతే. గేజీ తీయలేదు, చలి మాట ఎత్తలేదు.

అక్క నా వంక చూసింది. నేను అటూ ఇటూ చూశాను. బావగారు అప్పటికే కొలిచి, మళ్ళీ కొలిచి, వెనక ఇరవై ఏడున్నర దగ్గర ఖాయం చేసి, గేజీని దాని సంచీలో పెట్టి వెళ్ళారు. అక్క శాలువ కొంగు నడుముకి బిగించి పంపు అందుకుంది. వెనక నాలుగు పోట్లు, ముందు నాలుగు పోట్లు. వాల్వు నట్టు బిగించి, మూత పెట్టి, ఏమీ ఎరగనట్టు ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంది.

ఆ రోజు రిమ్ము తగల్లేదు. మలుపులో టైరు త్రేన్చలేదు. చెక్కల దగ్గర దిగడం, ఎక్కడం తప్ప బావగారు ఎక్కడా సైకిలు నడిపించుకుంటూ పోలేదు. స్థానం సంగతి అడక్కండి, వెనక నుంచి లెక్కబెట్టడం త్వరగా అయిపోతుంది. కానీ ముగింపు గీత దాటినప్పుడు ఆయన మొహం చూడాల్సిందే. గాలి ముట్టుకోనివ్వకుండా నేరుగా కారు దగ్గరికొచ్చి, వణికే చేతుల్తో గేజీ తీసి వెనక చక్రానికి పెట్టారు.

"ఒరేయ్, ముప్ఫై ఒకటి!"

అక్క కాఫీ కప్పులోకి చూసుకుంటోంది. నేను బూటుకి అంటిన బురద చూసుకుంటున్నాను. బావగారు ఫోను తీసి లెక్క మొదలుపెట్టారు. ఇరవై ఏడున్నరకి వాతావరణం ఒత్తిడి పద్నాలుగు పాయింట్ ఏడు కలిపి, ముప్ఫై ఒకటికీ కలిపి, ఒకదాన్ని ఇంకోదాంతో భాగించి, కెల్విన్‌లోకి మార్చి, మళ్ళీ వెనక్కి మార్చి, తలెత్తారు.

"అయిదు డిగ్రీల చలిలో, ఈ బురదలో, నా టైరు ఇరవై ఎనిమిది డిగ్రీలకి వేడెక్కిందిరా! ఎంత స్పీడులో పోయానో అర్థమైందా?"

"ఏవండీ, కాఫీ తాగండి," అంది అక్క.