అమ్మను హోంలో చేర్చాక మనశ్శాంతి: కొన్ని చిట్కాలు

అమ్మను హన్మకొండలో ఒక హోంలో చేర్చారు, నెలనెలా డబ్బు కడుతున్నారు. ఇక మిగిలింది మీ మనశ్శాంతి. అది ఊరికే రాదు, కొంత సాధన కావాలి.

చెప్పకుండా ఎన్నడూ వెళ్లకండి. ఆదివారం వస్తున్నామని శుక్రవారమే ఫోన్ చేస్తే అమ్మ తలకు నూనె రాసి, ఉతికిన చీర కట్టి, వరండాలో కుర్చీ వేసి కూర్చోబెడతారు. కాజీపేటలో రైలు దిగి రాత్రి 8 గంటలకు నేరుగా వెళ్లారనుకోండి, హాలంతటికీ ఒక్క ఆయా, గుప్పున మూత్రం వాసన. మీ నిద్ర చెడుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వీడియో కాల్‌లో మొహం వరకే కనిపిస్తుంది. పొరపాటున కూడా దుప్పటి తీసి మడమలు చూపించమనకండి. మంచం పట్టిన మనిషిని 2 గంటలకోసారి పక్కకు తిప్పకపోతే మడమల మీద, తుంటి మీద, నడుము కింద చర్మం ఎర్రబడుతుంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోదు. పుండుకు అదే మొదలు. ఆ రోజే కనిపెడితే పుండు పడకుండా ఆపొచ్చు. కానీ మీకు కనపడితే కదా! ఎముక తేలాక ఎంజీఎం దవాఖాన ఉండనే ఉంది.

సంక్రాంతికి సకినాలు పట్టుకెళ్లండి. అమ్మ ఒకటి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే మురిసిపోండి. పళ్ల సెట్టు ఏమైందని మాత్రం అడగొద్దు. నీళ్ల గ్లాసు ఆమె చేతికందని కిటికీ గూట్లో, అంచుదాకా నిండి, పైన దుమ్ముతో ఎందుకుందో కూడా. నాలుక పిడచగట్టినా, గాజులు మోచేతిదాకా జారినా, జబ్బ మీద కమిలినా, పట్టపగలు మత్తుగా తూగుతున్నా ఒకటే మంత్రం: "వయసైపోయింది కదా." ఏ గోలీ ఎందుకిస్తున్నారో చీటీ చూపించమనడం మర్యాద కాదు.

"మంచిగనే ఉన్న బిడ్డా" అంటే నమ్మేయండి. ఆ మాటకు ముందు ఆమె కళ్లు ఆయా వైపు ఎందుకు పోయాయో ఆలోచించకండి. ఇద్దరే కూర్చుని మాట్లాడటం అసలే వద్దు.

ఏదైనా బయటపడితే ఆయా మీద అరవండి, తేలిక. నేను చూసినవాళ్లలో చెడ్డ ఆయాలు తక్కువ, అలసిపోయిన ఆయాలు ఎక్కువ. రాత్రి డ్యూటీలో ఎందరుంటారు, జీతం ఎంతిస్తారు అన్న ప్రశ్నలు యజమానికి నచ్చవు. అడగకండి.

2007 నాటి వయోవృద్ధుల చట్టం జోలికి పోకండి. పట్టించుకోని పిల్లల మీద తల్లిదండ్రులు ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చట, వకీలు కూడా అక్కర్లేదట. చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చిన ఇంటిని, చూసుకోకపోతే వెనక్కి తీసుకోవచ్చట. పూర్తిగా వదిలేస్తే 3 నెలల దాకా జైలు కూడా ఉందట. ఇల్లు మీ పేరు మీదే ఉంటే ఈ పేరా వదిలేయండి.

చివరిగా, 14567 అనే నంబరు అమ్మ కంటపడనీయకండి. పెద్దల కోసం పెట్టిన ఎల్డర్‌లైన్ అది. ఫోన్‌కు పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.