ప్లగిన్ బావగారు

మా బావగారు వర్డ్‌ప్రెస్‌కి ప్లగిన్లు రాసి లోకానికి ఊరికే పంచిపెడుతుంటారు. పగలంతా కంపెనీ పని, రాత్రి పదకొండు దాటాక ఈ ధర్మకార్యం. ఆయన కోడ్ చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. డాక్యుమెంటేషన్ మాత్రం అడక్కూడదు. "కోడే డాక్యుమెంటేషన్ బామ్మర్దీ, చదువుకుంటే తెలిసిపోతుంది" అంటారు. భోజనానికి పిలిచి గాడిపొయ్యి చూపించినట్టు.

అలాగని అసలేమీ రాయలేదంటే పాపం తగుల్తుంది. వర్డ్‌ప్రెస్ డైరెక్టరీకి ఎక్కించాలంటే రీడ్‌మీ ఫైలు పెట్టాలి. అందులో క్లుప్త పరిచయం 150 అక్షరాలు దాటకూడదు. బావగారికి అందులో సగం కూడా అవసరం పడలేదు: "ఇది చాలా ఉపయోగకరమైన ప్లగిన్." దేనికి ఉపయోగమన్నది వాడుకునేవాడి అదృష్టం. ఇన్‌స్టలేషన్ కింద మూడు ముక్కలు: "అప్‌లోడ్ చేయండి. యాక్టివేట్ చేయండి. అంతే."

కిటుకంతా ఆ 'అంతే'లోనే ఉంది. ఏపీఐ కీ తెచ్చి డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్లో పెట్టకపోతే సైటు మొత్తం తెల్లబోతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆయన లాప్‌టాప్‌కి తెలుసు. తరచూ అడిగే ప్రశ్నల్లో ఎవరూ అడగనిది ఒకటుంది: "ఈ ప్లగిన్ ఉచితమా?" జవాబు: "అవును." ఛేంజ్‌లాగ్‌లో ప్రతి వెర్షన్‌కీ ఒకటే మాట, "చిన్న చిన్న మార్పులు". ఓసారి ఆ చిన్న మార్పులో సెట్టింగుల పేజీయే ఎగిరిపోయింది.

పోనీ బద్ధకమా అంటే, అదీ కాదు. ఫోన్ చేసి చూడండి. అవతల మా అక్క అన్నం చల్లారిపోతోందని కేకలేస్తున్నా, స్క్రీన్ షేర్ పెట్టించి గంటసేపు ఓపిగ్గా చెబుతారు. రేపు నాగపూర్ నుంచి ఒకడు, ఎల్లుండి బ్రెజిల్ నుంచి ఇంకొకడు అదే అడిగినా మళ్లీ మొదట్నుంచీ చెబుతారు. రాసి పెడితే ఒక్క పేరాతో పోయే పని. కానీ రాసిన పేరా "అబ్బ, మీరు దేవుడండీ" అనదు కదా! ఫోన్లో మనిషి అంటాడు. అసలు గుట్టు అక్కడుందని నా అనుమానం.

ఈయనొక్కర్నే అనుకుని లాభం లేదు. 2017లో గిట్‌హబ్ ఓపెన్‌సోర్స్ సర్వేలో 93 శాతం మంది డాక్యుమెంటేషన్ అరకొరగా ఉంటోందనో, పాతబడిందనో అన్నారు. తీరా ప్రాజెక్టుల్లో చెయ్యి వేసేవాళ్లలో 60 శాతం మంది, డాక్యుమెంటేషన్ పని అరుదుగా చేస్తామనో, అసలు చెయ్యమనో చెప్పారు. 2020 అక్టోబరులో, ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకి మార్పులు పంపినవాళ్లకిచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ టీషర్టు కోసం జనం ఎగబడి, కనిపించిన రీడ్‌మీకల్లా "అద్భుతమైన ప్రాజెక్ట్" అని అతికించి పంపారు. మిగతావాళ్లు తిట్టుకుంటుంటే బావగారు మాత్రం అలాంటి మార్పొకటి తన ప్లగిన్‌లో సంబరంగా కలిపేసుకున్నారు.

మీలో ఎవరైనా ఆయన ప్లగిన్ వాడుతుంటే, ఆ ఏపీఐ కీ గురించి రెండు ముక్కలు మీరే రాసి పంపండి. కాదనరు. కాకపోతే, కలుపుకునే ముందు ఓసారి ఫోన్ చేస్తారు. ఛార్జింగ్ ఫుల్లుగా పెట్టుకుని ఎత్తండి.