అర కారు పెట్టుకున్న అర్జీ

పెద్ద రోడ్ల పెద్దలకు, సూర్యాపేట నుంచి ఒక సైకిలు మనిషి నమస్కరించి రాసుకునేది.

అయ్యా,

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారిని ఆరు వరసలు చేస్తారని వింటున్నాం. సంతోషం. సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగిన బస్సు, ఆగిన కాసేపటిని పూడ్చుకోవడానికి ఇప్పుడున్న నాలుగు వరసల మీదే ఎట్లా ఉరుకుతుందో తమరికి తెలియంది కాదు. ఇంకో రెండు వరసలొస్తే దాని ఉత్సాహాన్ని మేము ఆపగలమా? కాకపోతే గీతలు గీసే ముందు, ఆ గీతకి అవతల పోయేవాళ్ల గురించి రెండు మాటలు చెప్పుకోనివ్వండి.

తమ ఇంజనీర్ల దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు 1990లో అచ్చేసిన 64వ నంబరు పుస్తకంలోది. రోడ్డు మీద కదిలే ప్రతిదాన్నీ కార్ల కింద మార్చి లెక్కగట్టే పద్ధతి అది. కారు ఒకటి. లారీ అయినా బస్సయినా మూడు. ట్రాలీ తగిలించిన ట్రాక్టరు నాలుగున్నర. ఎద్దులబండి ఏకంగా ఎనిమిది. సైకిలు అర. ఇక నడిచిపోయే మనిషి సంగతంటారా, ఆ పట్టికలో అతని ఊసే లేదు. తోపుడుబండికి మాత్రం మూడు వేశారు. అంటే సూర్యాపేట నుంచి దురాజ్‌పల్లికి చేతులూపుకుంటూ నడిచిపోతే నేను సున్నా. అదే దారిన జామకాయల బండి తోసుకుంటూ పోతే మూడు కార్లు. మనిషి నేనే, చెప్పులూ అవే.

నా హోదా ప్రస్తుతానికి అర కారు. ఆ హోదాలోనే, మిర్యాలగూడలో ఉండే ఇంకో అర కారుతో కలిసి బందరు సముద్రం దాకా పోయొచ్చాను. ఇదేదో కొత్తగా పుట్టిన పిచ్చి అనుకోకండి. 1666-67లో థెవనో అనే ఫ్రెంచి యాత్రికుడు పడమటి ఒడ్డున సూరత్‌లో బయల్దేరి, గోల్కొండ మీదుగా తూర్పున బందరు చేరాడు. వజ్రాల వర్తకుడు టావెర్నియేకీ ఈ దారులు కొట్టిన పిండే. ఇప్పటి 65వ నంబరు రోడ్డు కూడా పుణెలో మొదలై మచిలీపట్నంలోనే, అంటే ఆ బందరులోనే ఆగుతుంది. ముంబయి నుంచి పుణెకి ఎక్స్‌ప్రెస్‌వే మీద సైకిళ్లనూ నడిచేవాళ్లనూ రానివ్వరు గానీ, పాత రోడ్డు ఉంది. దాన్ని దీనికి కలిపితే ఆ సముద్రం నుంచి ఈ సముద్రానికి దారి సిద్ధం. ఇంగ్లండులో ఇట్లాంటి బాట ఒకటి 2001లో తెరిచారు. పడమటి తీరాన సౌత్‌పోర్ట్ నుంచి తూర్పు తీరాన హార్న్‌సీ దాకా, సుమారు 346 కిలోమీటర్లు. నడిచేవాళ్లకీ సైకిళ్లకీ. అందుకు వాళ్లేమీ కొండలు తవ్వలేదు. మూతబడ్డ రైలు దారులు, కాలువ గట్లు చాలావరకు వాడుకున్నారు.

మాకూ గట్లున్నాయి. వాటి సంగతి తర్వాత.

మిర్యాలగూడలో తెల్లారగట్ల బయల్దేరితే మొదట తగిలేది రైస్ మిల్లుల ముందు లారీల బారు. ఉడకబెట్టిన వడ్ల వాసన ఊరు దాటేదాకా వదలదు. ఊక కాల్చిన నుసి కళ్లలో పడుతుంది. హుజూర్‌నగర్ వైపు తిరిగాక సిమెంటు లారీలు. కోదాడలో పెద్ద రోడ్డెక్కాక అసలు కథ. అంచున తెల్లగీత పక్కన మాకు మిగిలిన ఆ కాస్త జాగాలో ఏముంటుందో కార్లో పోయేవాళ్లకు కనబడదు. పేలిపోయిన లారీ టైర్ల ముక్కలుంటాయి. ఆ ముక్కల్లోంచి వెంట్రుకంత ఇనుప తీగలు ఊడి తారు మీద పడి ఉంటాయి. సైకిలు టైర్లోకి ఒకటి దిగిందంటే వేలితో తడిమితే గానీ దొరకదు, తడిమితే వేలికే గుచ్చుకుంటుంది. దారి పొడుగునా పంక్చర్ షాపులే, అన్నీ లారీలకూ కార్లకూ. సైకిలంటే, ఊళ్లోకి పొమ్మని చెయ్యి చూపిస్తారు.

ఇక యాసంగి కోతలప్పుడైతే ఆ అంచు కూడా మాది కాదు. వడ్లది. సర్వీసు రోడ్డు నిండా పట్టాలు, చుట్టూ కాపలాగా రాళ్లు. రాత్రిపూట ఆ రాళ్లకు తగిలి పడ్డవాళ్లున్నారు, ఆ సంగతి దాచను. కానీ కల్లాలన్నీ పొలాల్లో కలిసిపోయాక రైతు వడ్లు ఎక్కడ పోసుకుంటాడు? కోదాడ ఇవతల ఒక అవ్వ మిట్టమధ్యాహ్నం, తలమీద తువ్వాల కప్పుకుని, కాళ్లతో వడ్లలో సాళ్లు తీస్తూ ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి తిరుగుతోంది. నీళ్ల కోసం ఆగాం.

"ఏడికి బిడ్డా, గింత ఎండల?"

"బందరు దాకా అవ్వా, సముద్రం కాడికి."

"బస్సు లేదా?"

"ఉంది."

ఆవిడ కాసేపు మా మొహాలు చూసింది. "అవు గదా, మొగోళ్లకు ఫ్రీ లేకపాయె" అని జాలిపడి చెంబు అందించింది.

నడక కొత్తేమీ కాదు ఇక్కడ. మేకలను, గొర్రెలను తోలుకుని మేత కోసం జిల్లాలు దాటే గొల్లకురుమలు ఈ రోడ్డుకి నంబరు పడకముందు నుంచీ నడుస్తున్నారు. మాలలేసుకున్న భవానీలు బెజవాడ కొండకి నడుస్తారు. నాయకులు పాదయాత్ర చేస్తే సగం రోడ్డు వాళ్లకే వదిలిపెడతారు. అంతెందుకు, రెండేళ్లకోసారి మాఘంలో దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల జాతర వస్తుంది కదా. అప్పుడేం చేస్తారు? విజయవాడ పోయే బళ్లను నార్కట్‌పల్లి దగ్గరే తిప్పి నల్గొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకి పంపిస్తారు. ఇక్కడ మాత్రం "ఓ లింగా" అంటూ జనం రోడ్డంతా నిండి నడుస్తారు. దేశం ఆగిపోలేదు. కార్లు కాస్త ఆలస్యంగా చేరాయి, అంతే. లింగమంతుల సామి చేయించగలిగినపుడు తమరు చేయలేరా?

పెద్ద కోరికలేం లేవు. ఆరు వరసలకి భూమి కొలిచేటప్పుడు, అంచున కాక, అంచుకి అవతల, చెట్ల వరస దాటాక, రెండు సైకిళ్లు పక్కపక్కన పోయేంత బాట వదలండి. నీడనిచ్చే చెట్లే పెట్టండి. రోడ్డు మధ్యలో గన్నేరు పూలు చూడటానికి బాగుంటాయి గానీ, వాటి కింద ఎవడూ నిలబడలేడు. హైదరాబాదులో ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి, పైన సోలార్ పలకల కప్పు కూడా వేశారు. మాకు కప్పొద్దు, చింతచెట్లు చాలు.

అదీ కుదరదంటే గట్లున్నాయన్నాను కదా. 1967లో నీళ్లు వదిలిన సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ ప్రాంతం దాటి నడిగూడెం వైపు దాకా వస్తుంది. గట్టు మీద జీపు తిరిగేంత దారి చాలాచోట్ల ఉంది. హారన్లుండవు, పక్కనే నీళ్లు. గేట్ల దగ్గర మనిషి దూరే సందు వదిలి, నాలుగు చోట్ల బోర్డు పాతితే పని సగం అయినట్టే.

చివరగా ఒక మనవి. టోలు గేట్ల దగ్గర మమ్మల్ని పక్క సందులోంచి ఊరికే పంపించేస్తున్నారు. దయచేసి మా దగ్గరా డబ్బులు తీసుకోండి. రూపాయో, అర్ధో. రశీదు మాత్రం ఇవ్వండి. ఇక్కడ డబ్బు కట్టినవాడినే లెక్కపెడతారని మాకు అర్థమైంది. ఏడాదికి ఎన్ని అర కార్లు పోయాయో మీ కంప్యూటర్లో పడితే, అప్పుడైనా మాకో గీత గీస్తారేమో.

ఇట్లు,
తమ విధేయుడు,
0.5

తా.క.: తనిఖీకి మనిషిని పంపేట్టయితే యాసంగి కోతలప్పుడు పంపండి. కారు కోదాడలో వదిలి రమ్మనండి. సైకిలు మేమిస్తాం, పంక్చరు సామాను మాత్రం ఆయనే తెచ్చుకోవాలి.